టీచర్లూ, టెట్ గడువు ఆగదు

2027 ఆగస్టు నెలాఖరు. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు పాఠాలు చెబుతూ, ఇంతవరకు ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాసవని ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి ఉపాధ్యాయురాలూ ఈ గడువును ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, విద్యాహక్కు చట్టం రాకముందే ఉద్యోగంలో చేరినవాళ్లు కూడా రెండేళ్లలో టెట్ గట్టెక్కాలి. లేదంటే ఉద్యోగం వదులుకోవాలి, లేదా ప్రభుత్వమే నిర్బంధ పదవీ విరమణ చేయించి ఇంటికి పంపుతుంది. మైనారిటీ విద్యాసంస్థల సంగతిని మాత్రం విస్తృత ధర్మాసనానికి వదిలేశారు. మిగతా బడులన్నిటికీ గడియారం తిరుగుతూనే ఉంది.

అయినా చాలా స్టాఫ్‌రూముల్లో ఇంకా ఒకటే మాట. ‘మనకు వర్తించదులే, మనం పాత డీఎస్సీ వాళ్లం.’ 1998, 2001, 2002, 2003, 2006, 2008 డీఎస్సీల్లో పోటీపడి, మెరిట్‌లో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2010 ఆగస్టు 23న టెట్‌ను కనీసార్హతగా ప్రకటించినప్పుడు, అంతకుముందు నియమితులైనవారి జోలికి పోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి టెట్ జరిగిందే 2011లో. పదిహేనేళ్లు ఎవరూ అడగని కాగితాన్ని ఇప్పుడు అడుగుతున్నారు. ఆ బాధ అర్థం చేసుకోదగిందే. కానీ ఆ పాత మినహాయింపు ఇప్పుడు మిమ్మల్ని కాపాడదు.

తీర్పు రోజుకి ఐదేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లకు మాత్రం, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న విశేషాధికారంతో కోర్టు ఊరట ఇచ్చింది. పదవీ విరమణ వయసు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. అంటే 2025 సెప్టెంబరు 1 నాటికి తెలంగాణలో 56 దాటినవాళ్లు, ఆంధ్రలో 57 దాటినవాళ్లు టెట్ లేకుండానే రిటైరయ్యేదాకా కొనసాగవచ్చు. వాళ్లకైనా ప్రమోషన్ కావాలంటే టెట్ తప్పదు. నాలుగైదు నెలల తేడాతో ఈ గీతకు ఇవతల పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. మీ పుట్టినతేదీని సర్వీసు రిజిస్టర్‌లో మీరే చూసుకుని లెక్క కట్టుకోండి. పక్క టీచరు చెప్పాడనో, వాట్సాప్‌లో వచ్చిందనో నమ్మకండి.

రెండో ధీమా ఇంకా ప్రమాదకరమైంది. ‘రివ్యూ వేశారు కదా, ఏదో ఒకటి వస్తుంది.’ నిజమే, ఉత్తరప్రదేశ్, తమిళనాడు వంటి రాష్ట్రాలు పునఃసమీక్ష కోరుతూ కదిలాయి. చట్టాన్నే సవరించాలని ఉపాధ్యాయ సంఘాలు కేంద్రాన్ని అడుగుతున్నాయి. ఇరవై ఏళ్లు బడి నడిపినవారికి మధ్యలో కొత్త నియమం పెట్టడం అన్యాయమన్న వాదనలో బలముంది. ఆ పోరాటం సాగాలి. అయితే పోరాటం గెలుస్తుందన్న ఆశతో చదువు మానేసినవాళ్లకు, అది ఓడిన రోజున చేతిలో ఏముంటుంది? ఇంతకుముందు ఒకసారి ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. 2015 మార్చి 31 నాటికి సర్వీసులో ఉండి, కనీసార్హతలు లేనివాళ్లకు 2017 సవరణతో పార్లమెంటు గడువిచ్చింది. అది 2019 మార్చి 31తో ముగిసింది. అప్పుడు కూడా ఆఖరి ఏడాదిదాకా ‘చూద్దాంలే’ అన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

గడువును నెలల్లో లెక్కపెట్టకండి, పరీక్షల్లో లెక్కపెట్టండి. టెట్ ఏడాదికి మహా అయితే రెండుసార్లు. తీర్పు వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో 2025 డిసెంబరులో, తెలంగాణలో 2026 జనవరిలో ఒకటి జరిగిపోయింది. నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా రెండు మూడు నెలలు ఎటూ పోతాయి. ఆ లెక్కన రెండేళ్లలో చేతికందేవి మూడో నాలుగో అవకాశాలు. మొదటిదాన్ని వదిలేసి, రెండోదానికి ‘ఎలా ఉంటుందో చూద్దాం’ అని వెళ్లి, మూడోదానికి ముందు పుస్తకం తెరిస్తే ఇక గుండె దడే మిగులుతుంది.

చాలామంది బయటికి చెప్పని కారణం మరొకటి ఉంది. నామోషీ. తన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న కుర్రాడు డీఎడ్ చేసి అదే హాల్లో పక్క సీట్లో కూర్చుంటాడు. తను తప్పితే, వాడు పాసైతే ఊళ్లో తల ఎత్తుకోవడం ఎలా అన్న భయంతో దరఖాస్తే పెట్టనివాళ్లున్నారు. రాత్రిపూట తలుపేసుకుని ఒక్కరే చదివి, ఎవరినీ అనుమానం అడగక, అర్థం కానిది అర్థం కానట్లే వదిలేసేవాళ్లున్నారు. అయ్యా, అమ్మా, ఆ శిష్యుణ్నే పిలిచి కూర్చోబెట్టుకోండి. పియాజే, వైగోట్‌స్కీ, కోల్‌బర్గ్ వాడి నోటి చివర ఉన్నారు. గంటలో చెప్పేస్తాడు.

పరీక్ష స్వరూపం చూస్తే భయం సగం పోతుంది. నూటయాభై ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే చాలు. ఎస్‌జీటీలు రాసే పేపర్-1లో శిశు వికాసం, పెడగాజీ కలిపి 30. తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30. ఆ ఒక్కో సబ్జెక్టులోనూ 24 విషయానికి, 6 బోధనా పద్ధతులకు. పద్ధతుల ప్రశ్నలన్నీ, శిశు వికాసం ప్రశ్నలన్నీ కలిపితే 54. అంటే పరీక్షలో మూడో వంతుకు పైగా, మీరు రోజూ తరగతి గదిలో చేస్తున్న పని గురించే.

కాకపోతే ఆ పనికి పుస్తకం పెట్టిన పేరు మనకు అలవాటు తప్పింది. పొడుగు గ్లాసులో పోసిన నీళ్లే ఎక్కువని, అవే నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తే తక్కువని ఒకటో తరగతి పిల్ల మొండిగా వాదిస్తుంది. టీచరమ్మ నవ్వుకుని మళ్లీ గ్లాసులోకి పోసి చూపిస్తుంది. పిల్ల ఒప్పుకోదు. ఇలాంటివి వందసార్లు చూసిన ఆ టీచరమ్మే, ప్రశ్నపత్రంలో ‘పదిలపరచుకొనే భావన లోపించే దశ ఏది?’ అని కనిపించగానే తడబడుతుంది. పూర్వ ప్రచాలక దశ అన్న మాట డీఎడ్‌లో చదివింది, ఇరవై ఏళ్లుగా దాంతో పని పడలేదు. ఈ పేర్లను మళ్లీ పట్టుకోవడానికి రోజూ గంట చొప్పున నెలన్నర చాలు. పాత డీఎడ్, బీఎడ్ పుస్తకాలు అటక మీద ఉంటే దించండి. మూడు నుంచి ఎనిమిది తరగతుల పాఠ్యపుస్తకాలు మీ బడిలోనే ఉన్నాయి. రెండు వేలు పోసి కొనే లావుపాటి గైడు కంటే ముందు చదవాల్సినవి అవే. ప్రశ్నల స్థాయి హైస్కూలు దాకా వెళుతుంది కాబట్టి, ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ల లెక్కల పుస్తకం కూడా ముందేసుకోండి.

స్కూల్ అసిస్టెంట్లకు ఇబ్బంది ఎక్కువ, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. పేపర్-2లో గణితం, సైన్సు కలిపి 60 మార్కులకు ఒకే విభాగం. ఇంటర్ బైపీసీతో లెక్కలకు దండం పెట్టిన జీవశాస్త్రం టీచరు కూడా అందులో గణితం రాయాల్సిందే. తెలంగాణలో తెలుగు, హిందీ పండితులు గణితం-సైన్సో, సాంఘికశాస్త్రమో ఏదో ఒకటి ఎంచుకుని రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో భాషా ఉపాధ్యాయులకు వేరే పేపరుంది. తెలంగాణ పండితులకు కూడా అలాంటిది ఎందుకు పెట్టరని అడగడం న్యాయమే. పెట్టేదాకా మాత్రం ఆరో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంతో మొదలుపెట్టడమే దారి. ఇక బీఎడ్‌తో ఎస్‌జీటీ అయినవాళ్లు ఏ పేపరు రాయాలన్న సందేహాన్ని ఎవరి నోటిమాట మీదా వదిలేయవద్దు. డీఈవో కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఫీజు కట్టండి. తప్పు పేపరు పాసై ఏం ప్రయోజనం?

కంప్యూటర్ విషయంలో ఒక్క మాట. పరీక్ష ఆన్‌లైన్‌లోనే. పాఠం తెలిసి కూడా మౌస్ దగ్గర మార్కులు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. చాలా కంప్యూటర్ పరీక్షల్లో జవాబు ఎంచుకున్నాక ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కాలి. నొక్కకుండా పక్కనున్న ప్రశ్న నంబరు మీదికి వెళ్లిపోతే ఎంచుకున్న జవాబు నమోదు కాదు. అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ పెడతారు. దాన్ని ఫోన్‌లో చూసి సరిపెట్టుకోకుండా, బడిలోనో నెట్ సెంటర్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని మూడు నాలుగుసార్లు రాయండి. మైనస్ మార్కులు లేనప్పుడు ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది. భయపడినవాడి చుట్టూ దళారులు మూగుతారు. ‘పేపరు ముందే ఇస్తాం’, ‘సర్టిఫికెట్ చేయిస్తాం’, ‘మార్కులు మార్పిస్తాం’ అంటూ టెలిగ్రామ్‌లో, ఫోన్లలో మొదలవుతుంది బేరం. ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచరు దగ్గర పీఎఫ్ ఉంటుందని, లోను పుడుతుందని వాళ్లకు తెలుసు. 2021లో రాజస్థాన్ టెట్ పేపరు లీకై లెవెల్-2 పరీక్ష మొత్తం రద్దయింది. అదే ఏడాది నవంబరు 28న ఉత్తరప్రదేశ్ టెట్ జరగాల్సిన రోజే ఆగిపోయింది. మహారాష్ట్రలో టెట్ మార్కులు దిద్దించుకున్నారని తేలి ఏడువేల మందికి పైగా అభ్యర్థుల ఫలితాలు రద్దు చేశారు. పశ్చిమ బెంగాల్‌లో నియామకాల అక్రమాల మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఇచ్చిన తీర్పుతో పాతికవేలకు పైగా టీచర్లు, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. అందులో ఏ తప్పూ చేయనివాళ్లూ ఉన్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. టెట్ తప్పి నిర్బంధ విరమణ పొందినా, నిబంధనల ప్రకారం అర్హమైన సర్వీసు ఉన్నవారికి పదవీ విరమణ ప్రయోజనాలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. దొంగ సర్టిఫికెట్‌తో దొరికితే క్రిమినల్ కేసు, డిస్మిసల్, ఆ ప్రయోజనాలకూ ముప్పు. తప్పడం కంటే మోసం చేయడంలో నష్టం ఎన్నో రెట్లు. అలాంటి ఫోన్ వస్తే కట్ చేసి ఊరుకోకండి, పోలీసులకు చెప్పండి. మీరు లొంగకపోయినా పక్క మండలంలో ఎవరో లొంగితే మీ పరీక్ష కూడా రద్దవుతుంది.

ప్రభుత్వాలకూ, సంఘాలకూ చెప్పవలసింది ఉంది. ఓటరు జాబితాల పని, సర్వేలు, యాప్‌లలో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ టీచరు నెత్తిన పెట్టి, రాత్రి పదింటికి పెడగాజీ చదువుకోమనడం దారుణం. ముఖ్యంగా ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసేవాళ్లకు సెలవు పెట్టే వీలే లేదు, బడి మూతపడుతుంది. పరీక్షకు ముందు నెల రోజులైనా బోధనేతర విధులు ఆపాలి. పరీక్ష రోజుకు ఆన్‌డ్యూటీ ఇవ్వాలి. సర్వీసులో ఉన్నవారికోసం ప్రత్యేకంగా టెట్ నిర్వహించే ఆలోచన ఉంటే దాన్ని ఆఖరి నిమిషానికి నెట్టకుండా తేదీలు ఇప్పుడే ప్రకటించాలి. సంఘాల నాయకులు ధర్నాకు బస్సులు ఎంత శ్రద్ధగా పెడతారో, మండల కేంద్రంలో ఆదివారం క్లాసులు కూడా అంత శ్రద్ధగా పెట్టాలి. లెక్కల టీచరు జీవశాస్త్రం టీచరుకు చెప్పగలడు, ఇంగ్లిష్ టీచరు అందరికీ చెప్పగలరు. అవసరమైన మనుషులు మన బడుల్లోనే ఉన్నారు, కోచింగ్ సెంటర్‌కు వేలు పోసే పనిలేదు.

ఈ వారంలోనే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, సర్వీసు రిజిస్టర్‌లో మీ పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ముఖ్యంగా పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన టీచరమ్మలు ఈ తేడాలు ఇప్పుడే సరిచేయించుకోవాలి, హాల్‌టికెట్ వచ్చాక కుదరదు. దరఖాస్తును నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకుండా, ఎంచుకున్న పేపరు, భాష, సామాజిక వర్గం మీ కళ్లతో సరిచూసి, ప్రింట్ దాచుకోండి. ఇంతకుముందు ఎప్పుడో టెట్ పాసై మర్చిపోయినవాళ్లు పాత మెమో వెతికి పట్టుకోండి. 2021లో ఎన్‌సీటీఈ టెట్ చెల్లుబాటును ఏడేళ్ల నుంచి జీవితకాలానికి మార్చింది, 2011 నుంచి పాసైనవారందరికీ అది వర్తిస్తుంది. ఆ మెమో జిరాక్స్ డీడీవోకు ఇచ్చి, సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించి, సంతకం పడిందో లేదో చూసుకుని రండి.