మెస్సు దాకా రాని సేంద్రియం

హిమాయత్‌నగర్ సూపర్ మార్కెట్లలో సేంద్రియ కందిపప్పు కోసం వెతుక్కోవాల్సిన పని ఇప్పుడు లేదు. ముడిబియ్యం, బెల్లం, పసుపు అన్నీ వరసగా పేర్చి ఉంటాయి. పక్కనే మామూలు పప్పు కూడా ఉంటుంది. రెండు ధరలూ చూశాక చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. నెల జీతంతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లను ఇందులో తప్పుపట్టడానికేముంది?

రైతు దోచుకుంటున్నాడనుకుంటే మాత్రం పొరపాటు. మందులు మానేసిన పొలానికి వెంటనే సేంద్రియ ముద్ర పడదు. జాతీయ నిబంధనల ప్రకారం ఏటా వేసే పంటలకు కనీసం 2 ఏళ్లు, తోటలకు 3 ఏళ్లు ఆగాలి. ఈలోగా దిగుబడి తగ్గినా సరుకు మామూలు రేటుకే పోతుంది. పైగా కలుపుతీత కూలి, ధ్రువపత్రం, కొంచెం కొంచెంగా తరలించే సరుకుకు రవాణా. ఇవన్నీ చివరికి ప్యాకెట్ ధరలోనే తేలతాయి.

అంత ధర పెట్టేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూడాలి. ‘నేచురల్’, ‘దేశీ’ అని ముందువైపు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది హామీ కాదు. 2018 నుంచి అమల్లో ఉన్న నిబంధనల కింద ‘జైవిక్ భారత్’ గుర్తు ఉందా అన్నదే లెక్క.

పండించేవాళ్లు మనకు కొత్త కాదు. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి 2006లోనే రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. హైదరాబాద్‌లో 2004లో పుట్టిన శ్రేష్ఠ సంస్థ ‘24 మంత్ర’ పేరుతో విదేశాలకూ వెళ్లింది. 2025లో దాన్ని ఐటీసీ కొనుక్కుంది. గిరాకీ లేకపోతే అంత పెద్ద కంపెనీ చెయ్యి వేస్తుందా?

అయితే ఆ గిరాకీ అశోక్‌నగర్ దాకా రాలేదు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు లైబ్రరీ నుంచి లేచి హాస్టల్ మెస్సుకో కర్రీ పాయింట్‌కో పోతారు. వాళ్లు పప్పు కొనరు, ప్లేటు కొంటారు. పప్పు ఏదో తేల్చేది మెస్సు యజమాని. ప్లేటుకు ఐదు రూపాయలు పెంచితే పక్క మెస్సుకు పోతారని అతని భయం.

కాబట్టి ముందుగా కదలాల్సింది ప్రభుత్వ వంటశాలలు. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం స్వామివారి నైవేద్యానికి ప్రకృతి సేద్యపు పంటలు వాడటం మొదలుపెట్టి, ఆంధ్రా రైతుల నుంచి కొనడానికి ఒప్పందం చేసుకుంది. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు అదే పని ఎందుకు చేయకూడదు? అన్నీ ఒక్కసారిగా అక్కర్లేదు, కందిపప్పు చాలు. నిల్వ ఉంటుంది, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఇక్కడి పంటే. కాకపోతే కొనే ధర, పరిమాణం రైతు విత్తనం వేయకముందే చెప్పాలి. పంట చేతికొచ్చాక టెండరు పిలిస్తే లాభపడేది దళారీ ఒక్కడే.