చెత్తకుప్ప పక్కన బోరు నీళ్లు: జవహర్‌నగర్ పాఠం బషీరాబాద్‌కు ఎందుకు ముఖ్యం?

హైదరాబాద్ చెత్తను ఏళ్ల తరబడి మోస్తున్న ప్రాంతం జవహర్‌నగర్. అక్కడి డంపింగ్ యార్డు విస్తీర్ణం 300 ఎకరాలకు పైనే. కోటి టన్నులకు మించిన పాత చెత్త గుట్టను చివరికి పొరలు వేసి కప్పేశారు. కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. చెత్త నుంచి కారిన నల్లటి నీళ్లతో మల్కారం చెరువు పాడైంది. చుట్టుపక్కల కాలనీల్లో బోరు నీళ్లంటే జనం ఇప్పటికీ భయపడుతున్నారు.

ఇదంతా సిటీ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద ప్రతి గ్రామ పంచాయతీకి ట్రాక్టర్, డంపింగ్ యార్డు వచ్చాయి. ఊర్లు శుభ్రపడ్డాయి, మంచిదే. మరి ఆ యార్డు కింద ఉన్న నీళ్ల సంగతి ఎవరు చూస్తున్నారు?

మన నేల వేరు

జవహర్‌నగర్ కింద ఉన్నది గ్రానైట్. తాండూరు, బషీరాబాద్ వైపు ఎక్కువగా ఉన్నది సున్నపురాయి. మనం ఇళ్లలో పరిచే నాపరాయి అదే. ఈ బండ పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో పగుళ్లుంటాయి. వాన నీరు ఆ రాయిని మెల్లగా కరిగించి దారులు చేసుకుంటుంది. ఇసుకలో ఇంకే నీరు కొంతవరకు వడకట్టుకుంటుంది. పగుళ్లలో పారే నీటికి ఆ అవకాశం తక్కువ. కలిసిన మురికి త్వరగా, దూరంగా పోతుంది. కాబట్టి నాపరాయి తీసిన పాత గుంత ఖాళీగా ఉంది కదా అని చెత్త పోస్తే, అది నేరుగా భూగర్భంలో పోసినట్టే.

నిఘా ఎలా పెడతారు?

భూగర్భ జలం ఎటు పారుతుందో తెలియాలంటే కనీసం మూడు బావులు కావాలి. ఒకే వరుసలో కాకుండా త్రికోణంలా ఉండాలి. మూడింటిలో నీటి మట్టం కొలిచి పోలిస్తే ఎగువ, దిగువ తెలుస్తాయి. ఎగువ బావిలో నీరు బాగుండి, దిగువ బావిలో చెడితే అనుమానం చెత్త మీదికే పోతుంది. ఒక్క బోరు పరీక్షించి తేల్చేస్తే ఎరువులు, మురుగు కాలువల వల్ల వచ్చిన కాలుష్యాన్ని కూడా చెత్త ఖాతాలో రాసేస్తాం. పొలాల్లో మోటార్లు గట్టిగా నడిస్తే ప్రవాహం దిశ కూడా మారుతుంది. అందుకే ఏడాదికి ఒక్కసారి కొలిస్తే చాలదు.

ముందుగా బయటపడేది క్లోరైడ్. అది మట్టికి అంటుకోకుండా నీటితో పాటే పోతుంది. తాగునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. నైట్రేట్ 45 దాటితే పాలు తాగే పిల్లలకు ప్రమాదం. వీళ్లకు డబ్బా పాలు ఆ నీళ్లతో కలిపితే రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఒళ్లు నీలంగా మారుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

నిబంధనల్లో సందు

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం యార్డు పెట్టకముందే అక్కడి నీటి నాణ్యత రికార్డు చేయాల్సి ఉండేది. తర్వాత సరిహద్దు నుంచి 50 మీటర్ల లోపు నీటిని ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షించాల్సి ఉండేది. యార్డు మూసేశాక కూడా 15 ఏళ్లు గమనించాలని అందులో ఉండేది. కానీ అవి ప్రధానంగా పట్టణాల కోసం రాసినవి. పల్లె యార్డుకు మొదటి రికార్డే లేకపోతే రేపు నష్టం ఎలా రుజువు చేస్తారు? ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని ఖాతాలో లోటు ఎంతో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు చేయగలిగింది

యార్డుకు దగ్గరున్న ఇళ్ల బోర్లు, మసీదు, మదర్సా బోర్లు, స్కూలు బోరు ఏవో గుర్తించి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించమని గ్రామసభలో అడగాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి చేయించి, రిపోర్టులు పంచాయతీలో భద్రంగా పెట్టాలి. బక్రీద్ వ్యర్థాలు బావులకు, వాగులకు దూరంగా పోయేలా కమిటీలు ముందే పంచాయతీతో మాట్లాడుకోవాలి.

భగీరథ నల్లా వస్తోంది కదా అనొచ్చు. నల్లా రాని రోజు మనం వెళ్లేది బోరు దగ్గరికే. పశువులు తాగేదీ, కంది చేనుకు పారేదీ అదే నీరు. పరీక్షకు అయ్యే ఖర్చు కొద్దిగానే. చెడిపోయిన భూగర్భ జలాన్ని బాగుచేయడానికి మాత్రం ఒక తరం కూడా చాలకపోవచ్చు.