పంతులు గారి చేతిలో మన యాప్

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట తిట్టుకునేది టైమ్‌షీట్లనే. ఒకే సంగతి మూడు చోట్ల నింపాలి, ఆపైన మేనేజరుకి ఎక్సెల్‌లో పంపాలి. మరి పని ఎప్పుడు చేసేది బాబూ అని అడగని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. సర్కారు బడి పంతుళ్ళదీ ఇదే గోల. కాకపోతే వాళ్ళచేత ఆ నింపుడు చేయిస్తున్నది మనలాంటి వాళ్ళు రాసిన కోడే :)

రాజ్యాంగంలో చదువు మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్ళింది. అంటే పంతులికి ఇద్దరు క్లయింట్లు. ఢిల్లీ వాళ్ళకి యూడైస్ ప్లస్ కావాలి. ఒకప్పుడు ఏడాదికోసారి బడి మొత్తానికి లెక్క చెప్తే సరిపోయేది, 2022-23 నుంచి పిల్లాడు పిల్లాడికీ విడిగా నింపాలి. దాని మీద 12 అంకెల అపార్ నంబరు. రిజిస్టర్లో పేరు, ఆధార్లో పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా ముందుకి కదలదు. ఇక రాష్ట్రం వారికి మధ్యాహ్న భోజనం లెక్కలు, 2024 దాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా. 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి హాజరు కూడా, అదీ సొంత ఫోన్లో, సొంత డేటాతో!

మధురవాడ ఐటీ కొండల దగ్గరే చంద్రంపాలెం హైస్కూలుంది. వేలల్లో పిల్లలున్న బడి. అంత పెద్ద బడిలో ఈ పని ఎలాగోలా పంచుకుంటారు. పాడేరు అవతల ఒకే టీచరున్న బడి సంగతేంటి? ఒకటి నుంచి అయిదు దాకా అన్ని క్లాసులూ ఆయనవే. సిగ్నల్ కోసం ఆయన గట్టెక్కితే లోపల క్లాసు లేనట్టే. మా పిన్ని అటువైపే పనిచేసింది. "ఏటి చేస్తాంరా, పాఠం చెప్పకపోతే అడిగేవోడు లేడు, ఫొటో పెట్టకపోతే మాత్రం వెంటనే ఫోనొస్తాది" అనేది.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధం లేని పనులకి టీచర్లని పంపకూడదు. 2009లో అది రాసినవాళ్ళు పంతుల్ని బడి బయటికి లాక్కుపోతారనే ఊహించారు. బళ్ళోనే కూర్చోబెట్టి, ఫోనిచ్చి, పాఠం మాన్పించవచ్చని పాపం వాళ్ళకి తట్టలేదు.

నిఘా అక్కర్లేదా అంటే, నేనలా అనట్లేదు. 2000ల మొదట్లో దేశమంతా చెప్పకుండా వెళ్ళి చూస్తే నూటికి 25 మంది టీచర్లు బడిలో లేరు. అది చిన్న జబ్బేం కాదు. కానీ డేటాతోనే జబ్బు నయమవుతుందా? దీన్ని మన విశాఖ జిల్లా బళ్ళలోనే పరీక్షించి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2005 నుంచి విశాఖతో కలిపి ఉమ్మడి రాష్ట్రంలోని అయిదు జిల్లాల్లో ప్రయోగాలు చేశారు. అందులో 100 బళ్ళకి పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టులిచ్చి, అప్పుడప్పుడూ వెళ్ళి చూసొచ్చారు. చూసేవాళ్ళున్నప్పుడు టీచర్లు కాస్త ఎక్కువ కష్టపడ్డారు. ఏడాది చివర పరీక్షల్లో మాత్రం మిగతా బళ్ళకీ వీటికీ తేడా లేదు! పిల్లల మార్కులు పెరిగితే బోనస్ అన్న బళ్ళలో లెక్కలూ, భాషా రెండూ మెరుగయ్యాయి. అక్కడా హాజరేం పెరగలేదు, వచ్చిన రోజు చెప్పే తీరు మారింది. బోనస్సే మందు అని నేను వాదించను, దానికి దాని తలనొప్పులున్నాయి. కానీ హాజరు యాప్ మీద పెట్టిన ఆశంతా ఈ ఒక్క ఫలితం ముందు తేలిపోతుంది.

2025లో చాలా యాప్‌లని కలిపి లీప్ అని ఒకటే చేశారు. మంచిదే. కానీ అయిదు ఐకన్లు ఒకటైనంత మాత్రాన నింపాల్సిన కాలమ్‌లు తగ్గవు కదా. ఒకసారి ఇచ్చిన సమాచారం మళ్ళీ అడగకూడదు, సిగ్నల్ లేనప్పుడూ పనిచెయ్యాలి, ఫోను శాఖే ఇవ్వాలి, స్క్రీన్‌కి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి కలెక్టరు డాష్‌బోర్డులో అదీ చూపించాలి. ఇందులో ఏదీ మనకి రాని విద్య కాదు.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టులో ఉంటే రిక్వైర్‌మెంట్స్ మీటింగుకి ఒక ఏజెన్సీ టీచరుని పిలవమని అడగండి. ఆయన రాలేకపోతే మనమే వెళ్దాం, వీకెండుకి ఎలాగూ అరకు పోతాంగా.