మాత్రలు మానవద్దు, సహోదరీ

ఈ నెల ఒక సహోదరి ఉత్తరమునకు జవాబు వ్రాయుచున్నాము. ఆమె భర్తకు మూత్రపిండము పైనుండు అడ్రినల్ గ్రంథిలో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసివేశారు. ఏడాది తిరుగకముందే ఊపిరితిత్తులలో మచ్చలు కనబడ్డాయి. మైటోటేన్, హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడుచున్నారు. “ఇప్పుడిది ఊపిరితిత్తుల క్యాన్సరా? మూడు దినములు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాము. ఆ మూడు దినములు మాత్రలు ఆపమంటున్నారు. ఆపవచ్చునా?” అని ఆమె అడిగారు.

సహోదరీ, మీ దుఃఖములో మేమును పాలివారము.

ఇది ఊపిరితిత్తులలో పుట్టిన క్యాన్సర్ కాదు. రక్తము ద్వారా వెళ్లి అక్కడ నాటుకొన్నవి అడ్రినల్ కణములే. కనుక మందులును ఆ గ్రంథి క్యాన్సరుకు ఇచ్చునవే. ఈ జబ్బు బహు అరుదు. ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికే వచ్చును. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపమునకు శిక్షయు కాదు. ఆయన ప్రక్కన కూర్చొనుటకు ఎవరును జంకనక్కరలేదు.

ఇక మాత్రలు ఆపవద్దు. మైటోటేన్ క్యాన్సర్ కణములతోపాటు మిగిలిన మంచి అడ్రినల్ కణములను కూడ దెబ్బతీయును. అప్పుడు ఒంటికి కావలసిన కార్టిసోల్ తయారు కాదు. ఆ లోటు తీర్చునదే హైడ్రోకార్టిసోన్. దానిని హఠాత్తుగా మానితే వాంతులు, విపరీతమైన నీరసము కలిగి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయము రావచ్చును. జ్వరము వచ్చినా, వాంతులతో మాత్ర నిలువకపోయినా, తెల్లవారే వరకు ఆగక ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. ఇంజక్షన్ అవసరము కావచ్చును. ఏ మందులు వాడుచున్నారో వ్రాసిన చీటీ ఆయన జేబులో ఉంచండి.

మందు ఎంతవరకు పనిచేయునని మీరు అడుగక మానరు. 2012లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో ముదిరిన దశలోనున్న 304 మందికి చికిత్స చేశారు. మైటోటేనుకు మూడు కీమో మందులు కలిపి ఇచ్చినప్పుడు నూటికి సుమారు 23 మందిలో గడ్డలు తగ్గినవి. ఆశ ఉన్నది గాని పూర్తిగా నయమగుట అరుదు. కనుక సంగతి ఆయనకు దాచవద్దు. పొలము సంగతులు చక్కబెట్టుకొనుటకు, పిల్లలతో మనసు విప్పి మాట్లాడుటకు ఆయనకు సమయము కావలెను. నొప్పికి, ఆయాసమునకు ఉపశమనమిచ్చు మందులున్నవి. డాక్టరును అడుగుటకు మొహమాటపడవద్దు.

సంఘము ఉపవాసముండనీయండి. ఆయనకు మాత్రము వేళకు అన్నము పెట్టి మాత్ర వేయండి. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా!