గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు

హెణ్ణూరులో అద్దె ఇల్లు వెతుక్కునే ఒక కాంగో విద్యార్థి కథ గత సంచికలో వేశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే పాట: బెంగళూరు తెలుగు పత్రికకు నల్లోళ్ళ గోడెందుకని. ఇలాంటివి కన్నడ పత్రికలకు పంపుకోమని ఒకాయన మర్యాదగా సలహా కూడా ఇచ్చారు.

ఈ పాఠకులే అమెరికా కథల్ని నెత్తిన పెట్టుకుంటారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌ రాష్ట్రంలోని ఒలేతాలో, ఓ బారులో, హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను మా దేశం నుంచి పొమ్మంటూ కాల్చి చంపారు. చంపినవాడు ఆయన్ని ఇరానీ అనుకున్నాడు. ఆ తర్వాత నెలంతా మాకు కవితలే కవితలు.

అంతకు ఏడాది ముందు, 2016 జనవరి 31 రాత్రి, మన బెంగళూరు హెసరఘట్ట రోడ్డులో ఒక సూడాన్ విద్యార్థి కారు కింద పడి స్థానిక మహిళ చనిపోయింది. కాసేపటికి వేరే కారులో అటు వచ్చిన టాంజానియా అమ్మాయిని జనం పట్టుకు కొట్టారు, బట్టలు చించారని ఆమె ఫిర్యాదు. కారు తగలబెట్టారు. బస్సెక్కబోతే కిందికి తోసేశారు. ఆ సూడాన్ విద్యార్థికీ ఆమెకూ చుట్టరికం ఒంటి రంగు ఒక్కటే. ఒలేతాలో తెలుగువాణ్ణి ఇరానీ చేసిన లెక్క కూడా ఇదే. అప్పటి కర్ణాటక హోం మంత్రి జి. పరమేశ్వర ఇది జాతి దాడి కాదన్నారు. మన కవులకు ఆ మాట చాలింది. మాకు ఒక్క పద్యం అందలేదు.

2012 ఆగస్టులో దాడుల వదంతులకు బెదిరి ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఇదే ఊరి నుంచి వేల మంది గువాహటి రైళ్ళెక్కారు. తిరిగొచ్చినవాళ్ళు మన పార్లర్లలో, హోటళ్ళలో, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర మళ్ళీ 'చింకీ'లే అయ్యారు.

ఆఫ్రికన్లకు ఇల్లిస్తే అద్దె ఎగ్గొడతారు, మత్తుమందు కేసులుంటాయి అంటారు. అగ్రిమెంటూ పోలీసులూ ఉన్నది అందుకే. మారతహళ్ళి నుంచి హెణ్ణూరు దాకా అద్దెల మీద బతికే తెలుగువాళ్ళు ఎంతమందో మనకు తెలియనిదా? 'ఆఫ్రికన్స్ కాదు సార్' అని బ్రోకరు ఇంటి యజమానికి ఫోనులోనే అభయమిస్తాడు. కులం కనుక్కోవడానికి 'ప్యూర్ వెజ్' అనే ముసుగైనా వేస్తాం, ఇక్కడ ఆ సిగ్గూ లేదు. ఆ యజమాని కొడుకే డాలస్‌లో ఎవరో ఓరగా చూశారని మాకు ఎనిమిది పేజీల కథ పంపుతాడు. వేస్తాం కూడా. తిన్న దెబ్బ గురించి రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. కొట్టిన చెయ్యి మనదైతే కలం కదలదు. వలస సాహిత్యమని సంకలనం మీద సంకలనం తెస్తున్నాం. వలస వచ్చినవాడికి ఇల్లివ్వనివాడు వాటిలో పాత్రగా ఎక్కడ?

ఒలేతాలో హంతకుణ్ణి అడ్డుకోబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్‌కు హ్యూస్టన్ భారతీయులు సన్మానం చేసి, ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు ఇచ్చారు. మంచి పని. హెసరఘట్టలో ఆ అమ్మాయికి కప్పుకోమని టీషర్టు ఇచ్చిన దారినపోయే మనిషిని కూడా కొట్టారని అప్పటి వార్తలు. అతనికి శాలువా కప్పిన సంఘం ఏదీ మా చెవిన పడలేదు. అతని కథ ఎవరైనా రాస్తే వచ్చే సంచికలో మొదటి పేజీలు వారివే.