పెట్టె మూత వేయకముందే తెలుగులో చెప్పాలి

పాణ్యం బస్టాండు దగ్గర మాది టికెట్ల దుకాణం. మొదట్లో రైలు టికెట్లతో, ఆన్‌లైన్ దరఖాస్తులతో నడిచేది. 2021 మార్చిలో ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం తెరిచాక విమానం మాట మా గల్లాపెట్టె దాకా వచ్చింది. బెంగళూరులో కొడుకు దగ్గరికి పోయే పెద్దవాళ్లు, హైదరాబాదు మీదుగా కువైట్‌కు, దుబాయ్‌కి పోయే పనివాళ్లు, అమెరికాలో కూతురి కాన్పుకు పోయే తల్లులు, దూరాన ఎక్కడో గుడి పనికి పిలుపొస్తే పోయే ఆళ్లగడ్డ శిల్పులు, ఇట్లా ఎందరి టికెట్లో నా చేతి మీదుగా పోతుంటాయి. అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని కిలోలు పెట్టుకోవచ్చు?" ఏది పెట్టుకోకూడదని అడిగేవాళ్లు అరుదు.

అది వాళ్ల తప్పు కాదు. చేతి బ్యాగు ఏడు కిలోలన్న సంగతి టికెట్టు మీద బాగానే కనబడుతుంది. నిషేధించిన వస్తువుల జాబితా మాత్రం ఎక్కడో చివరన, చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంటుంది. పదో తరగతి దాటని మనిషికి ఆ నియమం మొదటిసారి తెలిసేది తనిఖీ బల్ల దగ్గరే. అక్కడున్న జవానుకు తెలుగు రాకపోతే అదీ సైగలతోనే. వెనక వరుస తొందరపెడుతుంటుంది, విమానానికి వేళవుతుంటుంది, ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని కాచిన నెయ్యి తొట్టిలోకి పోతుంది. నియమాల మీద నాకు పేచీ లేదు. వాటికి గట్టి కారణాలున్నాయి. వాటిని ఎక్కడ చెబుతున్నాం, ఏ భాషలో చెబుతున్నాం అన్నదాని మీదే నా అభ్యంతరం.

నెయ్యి సంగతే తీసుకోండి. మా వైపు ఆడవాళ్లు వెన్న కాచి, చల్లార్చి, హార్లిక్స్ సీసాలో పోసి, మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. కింద వేసే పెట్టెలో పెడితే పట్టుచీరలకు అంటుతుందని చేతి బ్యాగులో పెట్టుకుంటారు. విదేశీ ప్రయాణంలో చేతి బ్యాగులోని ఏ ద్రవమూ 100 మి.లీ. దాటిన సీసాలో ఉండకూడదు. ఆ చిన్న సీసాలన్నీ కలిపి ఒక లీటరు పట్టే తేటైన ప్లాస్టిక్ సంచిలో ఇమడాలి. 2006 ఆగస్టులో, లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలను కూల్‌డ్రింకు సీసాల్లో నింపిన ద్రవ పేలుడు పదార్థంతో కూల్చే కుట్ర బయటపడ్డాక వచ్చిన నిబంధన ఇది. ఇక్కడ చూసేది సీసా కొలతనే. అరలీటరు సీసా అడుగున రెండు చెంచాల నెయ్యే ఉన్నా పక్కన పెట్టేస్తారు. తేనె, పెరుగు, గోంగూర పచ్చడి, నూనె తేలే ఆవకాయ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

దేశంలో తిరిగే విమానాల్లో ఈ కొలత ఇంత గట్టిగా ఉండదు. అయినా మిరపకాయ ఊరగాయను, కారప్పొడిని చేతి బ్యాగులో రానివ్వరు. కళ్లలో పడితే మనిషి ఏమైపోతాడో మిరపకాయలు కల్లంలో ఆరబోసే మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అమెరికా అయితే 2018 జూన్ 30 నుంచి, బయటి దేశాల నుంచి వచ్చే విమానాల్లో చేతి బ్యాగులోని పొడులకు కూడా 350 మి.లీ. హద్దు పెట్టింది. అది దాటితే విడిగా తనిఖీ చేస్తారు, ఏమిటో తేలకపోతే లోపలికి పోనివ్వరు. నువ్వుల పొడి, బుడ్డల పొడి, పసిబిడ్డ ఒంటికి రుద్దే సున్నిపిండి, వీటిని గట్టిగా కట్టి చెకిన్ పెట్టెలో వేసుకుంటే ఏ గొడవా లేదు.

ఆ పెట్టెలో కూడా చెల్లనివి ఉన్నాయి. ఎండుకొబ్బరి అందులో ముఖ్యమైనది. మా సీమ వంటలో ఎండుకొబ్బరి లేని మసాలా లేదు, అందుకే ప్రతి అమ్మా రెండు గిన్నెలు పెడుతుంది. దానిలోని నూనె వల్ల అది తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. కర్పూరం ఇట్టే అంటుకునే ఘనపదార్థాల్లో చేరింది. అగ్గిపెట్టె, లైటరు మన దేశంలో చేతి బ్యాగులోనూ కుదరవు, పెట్టెలోనూ కుదరవు. పూజ సామాను సంచిని ఉన్నది ఉన్నట్టు తీసుకుపోయేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

శిల్పుల బాధ వేరు. చేతికి అలవాటు పడిన ఉలిని ఏ పనివాడూ కంటికి దూరంగా పంపడు. పెట్టె తారుమారైతే పోయినచోట అటువంటిది దొరకదని వాళ్ల భయం. అందుకే ఉలులను గుడ్డలో చుట్టి భుజానికి తగిలించుకుంటారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండులో బయల్దేరిన ఐసీ-814 విమానాన్ని హైజాకర్లు కందహార్‌కు మళ్లించుకుపోయారు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో చిన్న కత్తులతోనే విమానాలను చేజిక్కించుకున్నారు. ఆ తరవాత మొన ఉన్న పనిముట్టును, సుత్తిని ప్రయాణికుల మధ్యకు రానిస్తారని ఆశించలేం. ఉలులు చెకిన్ పెట్టెలోనే పోవాలి, మొనలకు తోలు తొడిగి, పెట్టె మీద పేరు, ఫోన్ నెంబరు రాసి. ముసలాయన ఆకువక్క సంచిలోని అడకత్తెర కూడా ఆ పెట్టెలోకే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పోతే వస్తువు పోతుంది, మనసు నొచ్చుకుంటుంది. ప్రయాణికుడే పట్టుబడిపోయే వస్తువులు ఇంకొన్ని ఉన్నాయి. నాకు నిద్ర పట్టనివ్వనివి అవే.

గసగసాలు. కోడికూరలోకి, తలకాయ కూరలోకి నూరే గసగసాలు. మన కిరాణా కొట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. అవి గంజాయి లాంటివని ఎవరికీ తోచదు. కానీ ఆ గింజలు నల్లమందు మొక్కవి. మన దేశంలో కూడా ఆ పంటను మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సు ఉంటేనే వేస్తారు. గింజల మీద మార్ఫిన్ జాడలుంటాయి. యూఏఈ, సౌదీ అరేబియా, సింగపూర్‌లలో గసగసాలు నిషిద్ధం. అక్కడి అధికారి మన మసాలా పొట్లాన్ని మాదకద్రవ్యం కిందే లెక్కగడతాడు. "రెండు గుప్పిళ్లే గదా నాయనా, పిల్లోడు ఆడ నోరు సచ్చిపోయినాడు" అని ఒక పెద్దమ్మ నా దుకాణంలో అడిగింది. "పెద్దమ్మా, రెండు గింజలైనా వద్దు, జీడిపప్పు నూరుకోమను" అని చెప్పి ఆ పొట్లం తీయించాను. ఆ మాట చెప్పేవాళ్లు లేని ఊళ్లలో ఆ పొట్లం బ్యాగులోనే పోతుంది. మసాలా ముందే నూరి ఉండలు చేసి పంపేవాళ్లూ ఉన్నారు. దానిలోనూ గసగసాలున్నాయా లేదా అని అడగాలి.

మందులూ అంతే. కోడీన్ కలిసిన దగ్గు మందు, నడుం నొప్పికి వాడే ట్రమడాల్, నిద్రమాత్రల్లో కొన్ని గల్ఫ్‌లో కట్టడి ఉన్న మందులు. మెడికల్ షాపులో అట్టలో నుంచి కత్తిరించి ఇచ్చిన పది మాత్రలు, చీటీ లేకుండా, పేరు కూడా కనబడకుండా బ్యాగులో ఉంటే వాటికి జవాబు చెప్పలేం. డాక్టరు చీటీ, పూర్తి అట్ట, అవసరమైతే ఆ దేశపు ఆరోగ్య శాఖ అనుమతి ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదం, మనం కట్టుకోని పొట్లం. "మా వాడికి ఈ సంచి ఇచ్చేయన్నా" అని ప్రయాణం రోజు సాయంత్రం వచ్చే చుట్టం మాటను కాదనడం మన పల్లెల్లో కష్టం. 2019లో ముంబయి నుంచి ఒక జంట ఖతార్‌కు వెళ్లింది. బంధువు ఒకరు ఇచ్చిన పొట్లంలో నాలుగు కిలోల చరస్ బయటపడింది. పదేళ్ల శిక్ష పడింది. ఆమె అప్పటికే గర్భిణి, బిడ్డ జైల్లో పుట్టింది. వాళ్లకు తెలియకుండా జరిగిందని చివరకు న్యాయస్థానం నమ్మి వదిలేసింది. 2021 ఏప్రిల్‌లో ఇంటికి చేరారు. వాళ్ల తరఫున పట్టువదలక పోరాడినవాళ్లు ఉండబట్టి బయటపడ్డారు. చేను కుదవబెట్టి వీసా కొన్న మన కూలీకి అట్లాంటి అండ ఎవరిస్తారు? ఇస్తామన్నవాళ్ల ఎదుటే పొట్లం విప్పి, ప్రతి వస్తువూ చూసి, మళ్లీ మన చేతులతో కట్టుకోవాలి. విప్పనివ్వకపోతే తీసుకోకూడదు. మొహమాటానికి ఇక్కడ చోటు లేదు.

అమెరికా పోయే తల్లులకు ఒక మాట. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనకు గర్వమే. 2007 నుంచి మన దేశపు మామిడిపండ్లు అమెరికా మార్కెట్లోకి పోతున్నాయి, రేడియేషన్‌తో శుద్ధి చేసి అధికారులు ముద్ర వేసిన పెట్టెల్లో. తోటలో కోసి బ్యాగులో వేసుకున్న పండుకు అక్కడ ప్రవేశం లేదు. నిమ్మజాతి తోటలను తెగులు నాశనం చేస్తుందని పచ్చి కరివేపాకును కూడా ఆపేస్తారు. మాంసం పచ్చడి అసలే కుదరదు. ఉన్నదాన్ని లేదని ఫారంలో రాస్తే జరిమానా అదనం.

దీనికి తలకిందులుగా, చేతి బ్యాగులోనే ఉండాల్సినవి పెట్టెలో వేసేవాళ్లూ ఉన్నారు. పవర్‌బ్యాంకు అందులో మొదటిది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో, ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానంలో సామాను అరలో మొదలైన మంట విమానం పైకప్పును కాల్చేసింది. పవర్‌బ్యాంకు వల్లే కావచ్చని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. నేల మీద ఉండబట్టి అందరూ బయటపడ్డారు. అదే మంట గాలిలో ఉండగా, కింది సామాను గదిలో లేస్తే ఆర్పడానికి ఎవరి చేయీ అందదు. అందుకే అది మన దగ్గర, కంటికి కనబడేలా ఉండాలి. హద్దు 100 వాట్ అవర్లు. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది 74 దాకా వస్తుంది, ఫరవాలేదు. ఇన్సులిన్ కూడా కింది గదిలో గడ్డకట్టి పాడవచ్చు, చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

మనవాళ్ల అవసరం చూసి నియమాన్ని సడలించిన సందర్భాలున్నాయి. శబరిమల భక్తుల ఇరుముడిలోని కొబ్బరికాయను చేతి బ్యాగులో తీసుకుపోవడానికి 2022లో పౌర విమానయాన భద్రతా విభాగం ఒప్పుకుంది. 2024 అక్టోబరులో మళ్లీ, 2025 జనవరి 20 వరకు అనుమతిస్తున్నట్టు కేంద్ర మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. తనిఖీ మామూలుగానే జరిగింది, నెయ్యి నింపిన కొబ్బరికాయా కొండకు చేరింది. ఇరుముడి గురించి ఆలోచించగలిగిన శాఖకు తెలుగులో ఒక కాగితం అచ్చువేయించడం భారం కాదు.

నేనడిగేవి చిన్నవి. తెలుగు రాష్ట్రాల నుంచి బయల్దేరే ప్రతి టికెట్టు వెంట ఒక పేజీ తెలుగులో, బొమ్మలతో రావాలి. అందులో సాధారణ జాబితాతో పాటు ఎండుకొబ్బరి, కారప్పొడి, గసగసాలు, ఉలి అని మన వస్తువుల పేర్లే ఉండాలి. ఓర్వకల్లులో ఇదే జాబితాతో ఒక బోర్డు తనిఖీ బల్ల దగ్గర కాకుండా, వెంట వచ్చినవాళ్లు ఇంకా పక్కనే ఉండే గేటు బయట పెట్టాలి. అప్పుడు సీసా ఇంటికి తిరిగి పోతుంది, తొట్టిలోకి పోదు. గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లకు ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణను మండల కేంద్రాల దాకా తెచ్చి, అందులో బ్యాగు సర్దడం కూడా నేర్పాలి. నంద్యాలలో, ఆళ్లగడ్డలో, కోయిలకుంట్లలో నాలా టికెట్లు అమ్మే సోదరులారా, ప్రభుత్వ కాగితం వచ్చేదాకా ఆగకండి. టికెట్టు చేతికిచ్చేటప్పుడే "బ్యాగులో ఏమేమి పెడుతున్నారు?" అని అడగండి.