‘అన్నా, అజినమోటో వద్దు!’

ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నేను ఏళ్ల తరబడి చెప్పిన డైలాగ్ ఇది. బండి అన్న “సరే తమ్ముడూ” అంటాడు, గరిటె మాత్రం ఆగదు. వేశాడో లేదో ఆ పొగలో ఎవరికి కనపడుతుంది? మర్నాడు తలనొప్పి వస్తే మాత్రం కచ్చితంగా వేశాడనే అనుకునేవాణ్ణి.

అసలు ఆ పేరేంటో ఎప్పుడైనా ఆలోచించారా? జపనీస్‌లో ‘అజి నో మోతో’ అంటే రుచికి మూలం. అది ఒక కంపెనీ బ్రాండ్. మనం జిరాక్స్ అన్నట్టే, బండి మీది తెల్ల పొడి ఏదైనా మనకు అజినమోటోనే.

కథ 1908లో మొదలైంది. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కికునే ఇకెడాకి ఒక డౌట్. ‘కొంబు’ అనే సముద్రపు నాచుతో కాచే చారులో ఒక రుచి ఉంది. తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదూ కాదు. మరేంటి? నాచును మరిగించి, వడగట్టి, చివరికి గ్లుటమేట్‌ని పట్టుకున్నాడు. ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదికే సోడియం కలిపిన ఆ పొడి మార్కెట్‌లోకి వచ్చేసింది. ఇప్పుడు దీన్ని చెరకు, మొక్కజొన్న లాంటి వాటి నుంచి బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తున్నారు. ఇడ్లీ పిండి పులిస్తే మనకేం భయం లేదు కదా!

మరి చెడ్డపేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1968లో రాబర్ట్ హో మన్ క్వోక్ అనే డాక్టర్ అమెరికాలోని ఒక మెడికల్ జర్నల్‌కి లెటర్ రాశాడు. చైనీస్ రెస్టారెంట్‌లో తింటే తనకు మెడ వెనక తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని. సోయాసాసా, వంటలో పోసే వైనా, ఉప్పా, ఈ పొడా అని అనుమానాలు మాత్రమే చెప్పాడు. జనానికి పొడి ఒక్కటే గుర్తుండిపోయింది. కనిపెట్టింది జపాన్, నింద చైనా హోటళ్లకి. అదే పొడి కలిసిన చిప్స్, సూపులు మాత్రం అమెరికాలో హాయిగా అమ్ముడుపోయాయి.

తర్వాత, ఇది తమకు పడదని చెప్పుకున్న వాళ్లకే, ఏది ఇస్తున్నారో తెలియకుండా ఇచ్చి టెస్ట్ చేశారు. తిండి లేకుండా ఒకేసారి పెద్ద డోసు ఇచ్చినప్పుడు కొందరికి ఇబ్బంది కనిపించింది. తిండితో కలిపి ఇస్తే నిలకడగా ఏమీ తేలలేదు. గ్లుటమేట్ టమాటాలో ఉంది, పుట్టగొడుగుల్లో ఉంది, తల్లిపాలల్లో కూడా ఉంది. ఇందులో సోడియం మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడోవంతే. అలాగని గుప్పెట్లతో పోసుకోమనడం లేదు, బీపీ ఉన్నవాళ్లు ఏ సోడియమైనా లెక్క చూసుకోవాల్సిందే.

నా తలనొప్పి సంగతి? రాత్రి రిలీజ్ పెట్టుకుని, నీళ్లు తాగకుండా, పన్నెండింటికి నూనె కారే నూడుల్స్ తిని, మూడింటికి పడుకునేవాణ్ణి. కోడ్‌లో బగ్ వస్తే నాలుగుచోట్ల వెతుకుతా, ఇక్కడ మాత్రం ఒక్కణ్ణే పట్టుకుని కొట్టాను.

మొన్న బండి దగ్గర ఏమీ చెప్పకుండా ప్లేట్ తీసుకున్నా. అప్పుడే అమ్మ ఫోన్. “ఏం తింటున్నావ్ నాన్నా? ఆ తెల్ల పొడి వేయించుకోలేదు కదా?”

“లేదమ్మా” అన్నాను. ఇకెడా గురించి చెప్పడానికి సంక్రాంతికి ఊరెళ్లాలి. ఫోన్‌లో అయ్యే పని కాదు.